దూలగొండి పూసిన ఏడు

దూలగొండి పేరు ఎత్తితే చాలు, మా దమ్మపేట వైపు ఎవరైనా ముందు చెయ్యి గోక్కుంటారు, ఆ తర్వాతే మాట్లాడతారు. ఆ కాయ మీది నూగు ఒంటికి తగిలిందంటే ఆ పూటకి ఇంకో పని ఉండదు. అందుకే తీగ కనపడగానే జనం పక్కకు తప్పుకుంటారు గానీ తలెత్తి చూడరు. తలెత్తితే పూలు కనపడతాయి. నేరేడుపండు రంగులో, గుత్తులు గుత్తులుగా, తలకిందులుగా వేలాడుతూ ఉంటాయి. ఎండ పడినప్పుడు ఒక రంగు, మబ్బు పట్టినప్పుడు ఇంకో రంగు. ఎంతసేపు చూసినా, నిజంగా చూస్తున్నామా, మగత నిద్రలో ఉన్నామా అన్నట్టు ఉంటుంది.

నేను కూడా చాలా ఏళ్లు చూడలేదు. నాకు దానితో పాత పగ ఉంది.

మా పుట్టిల్లు మధిర వైపు. పెళ్లయి ఇక్కడికొచ్చిన మొదటి చలికాలం అది. అత్తగారి వాళ్లు తాతల నాడు కోస్తా నుంచి వచ్చి, ఇక్కడ పొలాలు కొనుక్కుని స్థిరపడ్డ రైతులు. మా ఆయన మాత్రం పొలం అన్నదమ్ములకు వదిలేసి, రోడ్డు పక్కన మామిడి అంట్ల నర్సరీ పెట్టుకున్నాడు. నర్సరీ చుట్టూ ముళ్లకంచె, కంచె నిండా ఏదో తీగ, తీగ నిండా బంగారు రంగు కాయలు. మఖ్మలు గుడ్డతో కుట్టినట్టు ఎంత ముద్దుగా ఉన్నాయో! ఉతికిన చీరలన్నీ తీసుకెళ్లి వాటి మీదే ఆరేశాను. మా మధిర చెలకల్లో నేనెన్నడూ ఆ తీగ మొహం చూసిన దాన్ని కాదు మరి.

సాయంత్రం అందులో ఒక చీర కట్టుకున్నాను. ఇక చెప్పేదేముంది. కొత్త కోడలినన్న సంగతి కూడా మరిచిపోయి వాకిట్లో గంతులేశాను. అత్తగారు పరిగెత్తుకొచ్చి, పేడ తెచ్చి, చేతులకీ మెడకీ మందంగా పట్టించి, ఎండాక రుద్ది రుద్ది తీసింది. మా ఆయన గుంజ పట్టుకుని నవ్వుతూనే ఉన్నాడు. పెళ్లయ్యాక ఆయన నవ్వు మొదటిసారి వినడం అప్పుడే. ఒంటి నిండా పేడతో నిలబడి, ఈ మనిషితో ఎలా వేగాలిరా దేవుడా అనుకున్నాను. అంత మంటలోనూ, ఆ నవ్వు బాగుందని కూడా అనిపించింది.

ఆ తర్వాత ఏటా తొలకరి పడగానే కొడవలి పట్టుకుని బయలుదేరేదాన్ని. మొలక కనపడితే వేరుతో సహా పీకేసేదాన్ని. కొన్నేళ్లకి మా కంచె మీద ఆ జాతి అన్నది లేకుండా చేశాను. దానికి నాకిప్పటికీ ఏ పశ్చాత్తాపమూ లేదు.

మా ఆయన చేతి గురించి చెప్పాలి. అంటు కట్టేటప్పుడు ఆయన చెయ్యి చూడాలి. టెంక నుంచి మొలిచిన మొక్కకి ఏటవాలుగా ఒక కోత, మంచి చెట్టు నుంచి తెచ్చిన పుల్లకి అదే కొలతలో ఇంకో కోత. గాయానికి గాయం ఆనించి, మధ్యలో గాలి కూడా దూరకుండా పట్టీ చుట్టాలి. కత్తి ఎప్పుడు కదిలిందో, పట్టీ ఎప్పుడు బిగిసిందో తెలిసేది కాదు. నేను టీ తెచ్చి పక్కన నిలబడేదాన్ని. టీ చల్లారి మీగడ కట్టేది, ఆయనకి పట్టేది కాదు, నాకూ కదలబుద్ధయ్యేది కాదు. ఆ పందిరి కింద ఎన్ని మధ్యాహ్నాలు అలా గడిచిపోయాయో!

ఆయనది మంచి హస్తవాసి అని చుట్టుపక్కల పేరు. డాక్టరుకి ఉన్నట్టే అంటు కట్టేవాడికీ హస్తవాసి ఉంటుందని ఇక్కడి రైతుల నమ్మకం. ములకలపల్లి దారిలో ఒక పెద్దాయన ఉన్నాడు, మామిడితోట రైతు. ఆయన మరీను. మా పనివాళ్లు కట్టిన మొక్క ఎంత బాగున్నా ముట్టుకునేవాడు కాదు. మా ఆయన చేత్తో కట్టినవే కావాలి. ప్రతి వానాకాలం వచ్చి, ఒక్కో మొక్కా చూపించి ఇది నీ చేతిదేనా అని అడిగి మరీ పట్టుకెళ్లేవాడు.

ఆ చేతికి వణుకు వచ్చింది. ముందు బొటనవేలు. గ్లాసు పట్టుకుంటే టీ మీద చిన్న అలలు. చలి అన్నాడు. ఎండాకాలం వచ్చినా పోలేదు. ఆ ఏడు ఆయన కట్టిన అంట్లు నల్లబడిపోయాయి. పుల్లలు మంచివి కావన్నాడు, పట్టీ నాసిరకం అన్నాడు, వానలు ముందొచ్చాయన్నాడు. నేను ఊ కొట్టాను. తర్వాత ఆ చెయ్యి భుజం మీది తువ్వాలు కింద పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఎవరొచ్చినా ఎడమచేత్తోనే అన్నీ. మామిడితోట పెద్దాయన వస్తే, అంతకుముందు ఏడు కట్టి మిగిలినవి ఇచ్చి పంపాడు. అడిగితే కసురుకునేవాడు.

చివరికి నేనే పట్టుబట్టి ఖమ్మం తీసుకెళ్లాను. నరాల డాక్టరు ఆయన్ని నడిపించి చూశాడు, వేళ్లు ఆడించమన్నాడు, పార్కిన్సన్ అన్నాడు. పూర్తిగా పోయేది కాదు, మాత్రలతో అదుపులో పెట్టుకోవచ్చు అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సు సత్తుపల్లి దాటాక, కిటికీ వైపు చూస్తూనే అడిగాడు.

"మరి అంట్లు ఎవరు కడతారు?"

నేను కడతాను అన్నాను. ఎంత ధైర్యంగా అన్నానో అంత భయపడ్డాను. మర్నాడే కత్తి పట్టుకుని కూర్చున్నాను. ఆయన లేచి అవతల కొళాయి దగ్గరికి వెళ్లి, మొక్కలకు నీళ్లు పెట్టే వంకతో అక్కడే ఉండిపోయాడు. ఆ రోజే కాదు, రోజూ అంతే. నేను కత్తి తీస్తే ఆయన లేచిపోయేవాడు. ఇది ఎలా ఉంది అని మొక్క చూపిస్తే, బానే ఉంది అని మొహం తిప్పుకునేవాడు. నాకు కోపమొచ్చేది, ఏడుపొచ్చేది. రెండూ కలిపి పనివాళ్ల మీద అరిచేదాన్ని.

మాత్రలు కొంత పనిచేశాయి. చాలలేదు. ఎవరో చెబితే గోదావరి ఇవతల బూర్గంపాడులో ఒక ఆయుర్వేద డాక్టరు దగ్గరికి వెళ్లాం. నాడి చూసి, ఖమ్మం కాగితాలన్నీ చదివి, కపికచ్ఛు వాడదాం అన్నాడు. అదేమిటి సార్ అని మా ఆయన అడిగాడు. దూలగొండి గింజలయ్యా అన్నాడు డాక్టరు.

మా ఆయన నా వైపు తిరిగి నవ్వాడు. ఎన్ని నెలలైందో ఆ నవ్వు విని. డాక్టరుకి అర్థం కాక మా ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. లోకంలో ఇన్ని చెట్లుండగా దేవుడికి ఇదే దొరికిందా!

ఖమ్మం డాక్టరుకి ఈ సంగతి చెప్పాం. మాత్రలో ఉన్న పదార్థమే ఆ గింజలోనూ ఉంటుంది, ఇద్దరికీ చెప్పకుండా ఒకటి పెంచడం ఒకటి మానడం చెయ్యొద్దు అని గట్టిగా చెప్పాడు. సరే, అంతా కుదిరిందనుకుంటే మా ఆయన కొత్త పేచీ పెట్టాడు. డాక్టరు ఇచ్చిన పొడి పొట్లం విప్పను కూడా లేదు. ఏ తీగదో, ఏ కాయో చూడకుండా మింగనన్నాడు. అది ఆయన వృత్తి నేర్పిన మొండితనం. కాపు కళ్లారా చూడని చెట్టు నుంచి ఆయన ఒక్క పుల్ల కూడా కోసేవాడు కాదు. పూత చూడాలి, కాయ చూడాలి, అప్పుడే నమ్మకం. ఇది మామిడి కాదండీ, మందు అని ఎంత మొత్తుకున్నా వినలేదు. డాక్టరుని అడిగితే, తెచ్చుకోండి, నాకు చూపించి శుద్ధి చేసుకోండి అన్నాడు.

అప్పుడు వెతుకులాట మొదలైంది. ఒకప్పుడు ఏ కంచె మీద చూసినా ఉండేది. ఇప్పుడు రోడ్డుకి ఇటూ అటూ పామాయిల్ తోటలు, నున్నగా ఊడ్చిన గట్లు. తీగ అన్నది మొలవనిస్తేగా. ములకలపల్లి సంతలో, అడవి అంచు గూడెం నుంచి కుంకుళ్లూ ఉసిరికాయలూ తెచ్చి అమ్మే ఒకామె చెప్పింది, వాళ్ల గూడెం పక్క వాగు మీద మస్తుగా ఉందని, ఇప్పుడే పూత మీదుందని. నా ప్రాణం లేచొచ్చింది. కాయ ముదరగానే తెంపిపెట్టు తల్లీ, మందుకి అన్నాను.

"చిక్కుడు పండుగ కాకముందు మేం తీగెకాయ ఏదీ తెంపమక్కా" అంది. "అది గూడ చిక్కుడు జాతే గద. ఊరంత ఆగుతది. మీరు గూడ ఆగుండ్రి."

కొత్త చిక్కుడుకాయ ముందు వాళ్ల దేవతకి పెట్టి, తర్వాతే మనుషులు నోట పెట్టుకోవడం ఆ గూడేల్లో ఉన్నదే. కానీ దూలగొండికి కూడా పండుగ లెక్క ఉంటుందని నేనెక్కడ కలగన్నాను? మనిషి చెయ్యి పోతుంటే పండుగేమిటి అని గొడవపడబోయాను. మా ఆయన ఎడమచేత్తో నన్ను ఆపి, ఆగుదాం అన్నాడు. టీ ఒక్క నిమిషం ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేసే మనిషి! నేను నోరు తెరుచుకుని చూశాను.

ఆగినన్నాళ్లూ ఆ తీగని చూడ్డానికి వెళ్లేవాళ్లం. స్కూటీ నేను నడిపేదాన్ని. ఆయన వెనక కూర్చుని కుడిచెయ్యి నా భుజం మీద వేసేవాడు. బండి వణుకు ఏదో, ఆయన వణుకు ఏదో నాకు తెలిసేది కాదు. టేకుచెట్ల నీడలు మా మీంచి జారిపోతుండేవి. గూడెం దాటాక బండి ఆపి, కాలిబాటన వాగు దాకా నడిచేవాళ్లం.

అక్కడ ఒక మద్దిచెట్టుని తీగ మొత్తం కమ్మేసి, కొమ్మల నుంచి నీళ్ల మీదికి దిగింది. మా కంచె మీద నేనెప్పుడూ కాయలే చూశాను. పూలు చూడటం అదే మొదలు. పొద్దు వాలేవేళ ఆ ఊదా గుత్తుల్లోంచి వెలుతురు దిగుతుంటే నీళ్లూ ఊదాగా ఉండేవి. రాలిన పూరేకులు మెల్లగా తిరుగుతూ తిరుగుతూ రాళ్ల సందులోంచి వెళ్లిపోయేవి. గూడెంలో ఎవరో ఎవర్నో వాళ్ల భాషలో పిలిచేవాళ్లు. ఆ మాట నాకు అర్థమయ్యేది కాదు, కానీ అన్నానికి రమ్మంటున్నారని తెలిసిపోయేది. మా ఇద్దరికీ ఇంటికెళ్లాలనిపించేది కాదు. పూత రాలి, పచ్చి పిందె పడి, పిందె వంకర తిరిగి, దాని మీద మెల్లగా నూగు లేచేదాకా, వారం వారం అన్నీ చూశాం.

ఆ రాతి మీద కూర్చుని ఆయన చెప్పినన్ని కబుర్లు మా కాపురం మొత్తంలో చెప్పలేదు. చిన్నప్పుడు మొదటి అంటు ఎవరి తోటలో కట్టాడో, అది బతికిందని తెలిసిన రోజు చెట్టు చుట్టూ ఎలా పరిగెత్తాడో చెప్పాడు. ఒకనాడు మధ్యలో ఆగిపోయి, తువ్వాలు కిందినుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు.

"భయంగా ఉందే" అన్నాడు. "ఈ చెయ్యి చూసే కదా అందరూ నన్ను మనిషన్నారు."

ఆ చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. పిట్టపిల్లని పట్టుకున్నట్టు ఉంది. నాకూ భయంగానే ఉంది.

పండుగ రోజు ఆమె మమ్మల్నీ రమ్మంది. డోళ్లు మోగాయి. కొత్త చిక్కుడుకాయలు వండి ముందు దేవత ముందు పెట్టారు. తర్వాత పెద్దలు తిన్నారు, తర్వాత అందరూ తిన్నారు. మాకూ విస్తట్లో అన్నం, చిక్కుడుకాయ కూర పెట్టారు. ఉప్పూ కారం తప్ప ఇంకేం లేని ఆ కూర ఎంత రుచిగా ఉందో! మర్నాడు మంచు ఆరకముందే ఆమె కాయలు తెంపింది. మంచుకి నూగు తడిసి ఉంటే ఎగరదట. నన్ను గాలి వచ్చే వైపు నిలబెట్టి, పొడవాటి కర్రతో గుత్తులు వంచి, తడి గోనెలోకి రాల్చింది. బూడిదలో దొర్లించి, రుద్ది, కాయలు పగలగొట్టి నల్లటి గింజలు చేతిలో పోసింది. మా ఆయన ఒక గింజ తీసుకుని వెలుతురుకి పెట్టి, ఇటూ అటూ తిప్పి, మంచి మొక్కని చూసినట్టు చూశాడు. ఆమె ఇంటి ముందు నాటుకోవడానికి మా షెడ్డులో ఉన్నవాటిలోకెల్లా బలమైన బంగినపల్లి మొక్కలు ఆయనే ఏరి పంపించాడు.

గింజలు బూర్గంపాడు డాక్టరుకి చూపించి, ఆయన చెప్పినట్టు ఆవుపాలలో ఉడికించి, పొట్టు తీసి, ఎండబెట్టి, మెత్తగా దంచాను. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకున్నాను, అయినా గోక్కున్నాను. ఎక్కడో ఒక నూగు మిగిలి ఉంటుంది. దానికి నేనంటే అంత ప్రేమ.

చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకి పాలలో కలిపి ఇచ్చేదాన్ని. రోజులు గడిచాయి. ఒక ఉదయం గ్లాసు ఆయన చేతికిచ్చి, అలవాటుగా టీ వంక చూశాను. అలలు లేవు. ఆయన కూడా అదే చూస్తున్నాడు. గ్లాసు అరుగు మీద పెట్టి సరాసరి షెడ్డులోకి వెళ్లాడు. కత్తి తీశాడు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. మళ్లీ ఆ చెయ్యి, ఆ పాత మధ్యాహ్నాల చెయ్యి! నాకు కళ్లు కనపడలేదు, నీళ్లు నిండిపోయి.

ఎండ ఎక్కేసరికి వణుకు తిరిగొచ్చింది. మర్నాడు పొద్దున మళ్లీ కాస్త నెమ్మదించింది. కొన్ని వారాలు అలా నడిచింది. గింజ పనో, మాత్ర పనో, అన్నాళ్లు వాగు ఒడ్డున కూర్చోవడం పనో నేను చెప్పలేను. తర్వాత ఆ నెమ్మది వేళ మెల్లగా చిన్నదైపోయింది. ఇద్దరు డాక్టర్లూ ఇలాగే ఉంటుందనే అన్నారు. ఆయన కట్టినవాటిలో కొన్ని చిగురించాయి, కొన్ని ఎండిపోయాయి. తొలకరి నాటికి షెడ్డు నిండా ఉన్నవి దాదాపు అన్నీ నేను కట్టినవే.

ములకలపల్లి దారి పెద్దాయన ఫోను చేశాడు, మొక్కలకు వస్తున్నానని. పొద్దున్నే రండి అన్నయ్యా అని పదిసార్లు చెప్పాను. పొద్దున అయితే చెయ్యి కాస్త నిలకడగా ఉంటుంది, ఒకటి రెండు పెద్దాయన కళ్లముందే మా ఆయన కట్టి చూపిస్తాడు, మిగతావన్నీ ఆయనవేనని నేను చెబుతాను. అబద్ధం ఆడటానికి నాకేం మొహమాటం లేదు. ఆయన పేరు నిలబడితే చాలు.

పెద్దాయన మధ్యాహ్నం దిగాడు, ట్రాలీ ఆటో వేసుకుని, సన్నటి వానలో. వస్తూనే మొక్కల మధ్య తిరిగి, ఆకులు నిమిరి, బాగున్నయ్ అన్నాడు. తర్వాత ఎప్పటి మాటే అడిగాడు, ఇవన్నీ నీ చేతియేనా అని. నేను అవునని నోరు తెరిచేలోపే మా ఆయన తువ్వాలు తీసి పక్కన పెట్టాడు. చెయ్యి చాచాడు. అది వణుకుతోంది, అంతకుముందు ఎన్నడూ లేనంతగా.

"ఇది ఇంక కట్టదు" అన్నాడు. "ఇవన్నీ మా ఆవిడ కట్టింది. బతికాయి, నీ కళ్ల ముందే ఉన్నాయి. ఇష్టమైతే తీసుకో."

ఎంత కోపమొచ్చిందో ఆ మనిషి మీద! ఇన్నాళ్లు దాచి, నన్ను దాయనిచ్చి, ఒక్క క్షణంలో అంతా వాకిట్లో పారబోశాడు. పెద్దాయన ఆ చేతిని చూస్తూ ఉండిపోయాడు. ఎన్నొద్దులాయె అని అడిగాడు. రెండేళ్లన్నాడు మా ఆయన. నాతోని చెప్పొద్దా అని గొణిగి, తల గోక్కుని, మొక్కల వైపు చూసి, మళ్లీ మా ఆయన వైపు చూశాడు.

"సరే. కట్టకుంటె కట్టకపోతివి. ఒక్కొక్కటి నీ చేతితోని అందియ్యి. గంతే."

మా ఆయన వంగి మొదటి మొక్క ఎత్తాడు, ఆ చేత్తోనే. గాలి లేకపోయినా ఆకులన్నీ వణికాయి. సంచిలోంచి మట్టి రాలింది. పెద్దాయన రెండు చేతులూ చాచి, పసిబిడ్డని అందుకున్నట్టు అందుకుని ట్రాలీలో పెట్టాడు. మళ్లీ వచ్చి చేతులు చాచాడు. సాయం చెయ్యబోతే ఇద్దరూ నన్ను రానివ్వలేదు. అన్ని మొక్కలూ అలాగే ఎక్కించారు, వానలో తడుస్తూ. నేను గుంజకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

మర్నాడు పొద్దున నేను కత్తి తీశాను. ఆయన లేస్తాడనుకున్నాను. లేవలేదు. ముక్కాలిపీట నా పక్కకి లాక్కుని కూర్చున్నాడు.

"కోత నీకు సరిగ్గా రావడం లేదు" అన్నాడు. "ఇంకా ఏటవాలుగా రావాలి. కొళాయి దగ్గర్నుంచి రోజూ చూస్తూనే ఉన్నాను. చెప్పలేక చచ్చాను."

మరి ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నారు అని అరిచాను. ఆయన నా చేతి మీద తన చెయ్యి వేసి కత్తిని నడపబోయాడు. కత్తి అడ్డదిడ్డంగా పోయింది. పుల్ల పాడైంది. ఇద్దరం దాని వంక చూశాం.

"ఇంకోటి తియ్యి" అన్నాడు.